‘ఇచ్చు’ క్రియకు స్థానికత పత్రం

క్రియాపదాలకు స్థానికత ధ్రువపత్రం తప్పనిసరి అని ఉత్తర్వు వెలువడిన రోజున, పదమూల నిర్ధారణ సంచాలక కార్యాలయంలో లడ్డూలు పంచారు. భ్రమరాంబ తన లడ్డూను కాగితంలో చుట్టి పక్కన పెట్టి, ఉత్తర్వును రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం చేసుకోవడానికి. రెండోసారి, అర్థమైనది నిజమేనా అని చూసుకోవడానికి.

ఆమెకు అరవై రెండేళ్ళు. ఆ కార్యాలయం వట్టి నిఘంటు విభాగంగా ఉన్న రోజుల్లో చేరి, ముప్ఫయ్యారేళ్ళు మాటల చరిత్ర వెతికి, పదవీ విరమణ చేసింది. మాటల చరిత్ర తెలిసినవారు ఆ భవనంలో ఇంకెవరూ మిగల్లేదని మూడు నెలల తరువాత ఎవరో గమనించి, ఆమెను ఒప్పందం మీద మళ్ళీ పిలిపించుకున్నారు.

ఉత్తర్వు సారాంశం ఇది: పుట్టుక నిర్ధారణ కాని క్రియను ఇకమీదట ఏ ప్రభుత్వ కార్యాలయమూ వాడరాదు, ప్రజలు అర్జీల్లో వాడినా చెల్లదు. అలాంటి అర్జీలను పరిశీలన కోసం ఈ కార్యాలయానికి పంపాలి.

“ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలియకుండా దాన్ని నోట పెట్టుకోవడం, ముక్కూ మొహం తెలియని వాణ్ణి ఇంట్లో పెట్టుకోవడం లాంటిది,” అన్నారు సంచాలకులు డాక్టర్ విశ్వంభరరావు, లడ్డూ నములుతూనే. “వందల ఏళ్ళుగా జరుగుతున్న ఈ అజాగ్రత్తకు నేటితో తెర దించుతున్నాం.”

మాటల కోసం వేరే దరఖాస్తు అచ్చు వేయించే వ్యవధి లేకపోయింది. సూపరింటెండెంటు లింగమూర్తి రెవెన్యూ వారి దగ్గర నుంచి మనుషుల స్థానికత దరఖాస్తులే నాలుగు కట్టలు తెప్పించాడు. దాంతో ప్రతి క్రియకూ తండ్రి పేరు, శాశ్వత చిరునామా, గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాయవలసి వచ్చింది. చివరి గడిలో, ‘సదరు దరఖాస్తుదారును గత అయిదేళ్ళుగా స్వయంగా ఎరుగుదుము’ అని ఇద్దరు గెజిటెడ్ అధికారులు సంతకం చేయాలి.

తండ్రి పేరు గడిలో భ్రమరాంబ ‘ఉన్నట్టు ఆధారం లేదు’ అని రాసింది.

“అట్ల రాస్తే అనాథల కోటాలకు పోతది మేడం,” అన్నాడు లింగమూర్తి ఆందోళనగా.

“పోనివ్వండి. అక్కడైనా తిండి పెడతారు.”

మొదటి రోజు మధ్యాహ్నం లోపలే ధ్రువపత్రం పొందిన క్రియ ‘తీసుకొను’. దాన్ని అయిదేళ్ళుగా కాదు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ స్వయంగా ఎరుగుదుమని సంతకం చేయడానికి పదకొండు శాఖల అధికారులు వరసలో నిలబడ్డారు. వరస మెట్ల దాకా వెళ్ళింది. ‘రమ్మను’, ‘ఆగు’, ‘చూద్దాం’ కూడా సాయంత్రానికి గట్టెక్కాయి.

‘ఇచ్చు’ దగ్గర పని ఆగింది. దాన్ని స్వయంగా ఎరుగుదుమని సంతకం చేయడానికి ఒక్క అధికారి కూడా ముందుకు రాలేదు. విన్నామన్నారు కొందరు. తమ కంటే ముందు పనిచేసిన వారి హయాంలో ఒకసారి కనిపించిందట అన్నారు ఇంకొకరు. దస్త్రం మీద ఎర్ర సిరాతో ‘విచారణలో ఉంది’ అని రాసి, లింగమూర్తి దాన్ని బీరువాలో పెట్టాడు.

ఆ సాయంత్రమే లింగమూర్తి అటెండరుతో, “నా చేతికి ఒక టీ వచ్చేటట్టు చూడు” అనడం భ్రమరాంబ విన్నది. జీతాలకు మాత్రం అంతరాయం కలగలేదు. ఇవ్వడం ఆగిపోయినా, తీసుకోవడానికి ధ్రువపత్రం ఉంది కదా. హామీల విషయంలో కొందరు పెద్దలు కలవరపడితే, వారం తిరగకముందే సవరణ వచ్చింది: ‘హామీ ఇచ్చునపుడు ఏ వస్తువూ చేతులు మారదు గనుక, అట్టి సందర్భములలో సదరు క్రియకు మినహాయింపు కలదు.’

జనవరి నెలాఖరులో సిడాం సోంబాయి వచ్చింది. యాభై ఏళ్ళ గోండు స్త్రీ. రెండు బస్సులు మారి, అంతకు ముందు తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఆమె అర్జీ ఇంజినీరింగు శాఖలో మొదలై, ‘పుట్టుక తేలని క్రియ గలదు’ అన్న ముద్రతో ఇక్కడికి చేరింది.

“మా ఊరికి, రోడ్డుకు నడుమ వాగున్నది సారూ,” అన్నది లింగమూర్తి బల్ల ముందు నిలబడి. “వానలు పడ్డయంటే నాలుగు నెలలు ఎక్కడోళ్ళం అక్కడనే. వంతెన ఇయ్యుండ్రి అని అడిగిన. కొత్తది కట్టుమంటలేను. ఇనుప వంతెన చేసే ఉన్నది. ఇంజినీరు ఆఫీసు వెనకాల ముక్కలు ముక్కలుగ పడున్నది, ఎనిమిదేండ్ల సంది. దాని మీద మేకలు పంటున్నయి. తెచ్చి బిగిస్తే అయిపాయె.”

“వంతెన సంగతి మాది కాదమ్మా. మీ అర్జీల ‘ఇయ్యుండ్రి’ అని రాసిన్రు. ఆ క్రియ విచారణల ఉన్నది.”

“ఏం నేరం చేసింది?”

“నేరం కాదు. ఎక్కడ పుట్టిందో తెలుస్తలేదు.”

“సరే. ‘వంతెన కావాలె’ అని రాయిస్త.”

“కావాలనుకునుడు మీ సొంతం. దానికి మా అనుమతి అక్కర్లేదు. కానీ సర్కారు ఏం చెయ్యాల్నో రాయాలె కదా. ‘అందించు’ అని రాస్తే మారుపేరు పెట్టుకొని తప్పించుకున్నట్టయితది. ‘మంజూరు’ అంటరా, అది పైదేశం నుంచి వచ్చిన మాట. దాని దస్త్రం ఇంకా పెద్దగున్నది.”

“మా కోడలికి మూడో నెల సారూ,” అన్నది సోంబాయి. గొంతు పెంచలేదు. “శ్రావణంల కాన్పు. పోయినేడు శ్రావణంల మా బిడ్డ వాగు ఒడ్డు మీదనే కన్నది. పిల్ల దక్కలేదు. ఈసారి వానలకు ముందే వంతెన పడాలె.”

లింగమూర్తి చెడ్డవాడు కాడు. తల దించుకుని రసీదు పుస్తకం తెరిచి, చీటీ చించి బల్ల మీద పెట్టాడు. చేతికి అందించలేదు, నిబంధన అడ్డం వస్తుంది. సోంబాయి చీటీని తానే తీసుకుంది.

భ్రమరాంబ ఎదుటి బల్ల దగ్గర కూర్చుని ఇదంతా చూసింది. ‘మూడో నెల’ అని తన క్యాలెండరులో ఆ తేదీ పక్కన రాసుకుంది.

‘ఇచ్చు’ ఒక్క తెలుగుదే కాదని, తమిళంలోనూ కన్నడంలోనూ దాని తోబుట్టువులు ‘ఈ’ అన్న రూపంలో నేటికీ ఉన్నాయని ఆమె దస్త్రంలో రాసింది. విచారణ తొందరగా ముగుస్తుందని అనుకున్నది. అది ఆమె చేసిన పొరపాటు. ఉమ్మడి ఆస్తి అని తేలింది గనుక మిగిలిన వారసుల నుంచి నిరభ్యంతర పత్రాలు తెప్పించాలన్నారు సంచాలకులు. రెండు పొరుగు భాషల సంస్థలకు లేఖలు వెళ్ళాయి. మొదటి సంస్థ, ఆ క్రియ తమదేననీ, ఇన్నాళ్ళూ అనుమతి లేకుండా వాడుకున్నందుకు ముందు క్షమాపణ చెప్పాలనీ రాసింది. రెండో సంస్థ, లేఖ ముట్టిందనీ, జవాబు తయారు కావడానికి ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడిందనీ రాసింది.

“ఒక తల్లి మాటను కూతుళ్ళు ఎలా పంచుకుంటారో ప్రపంచంలో ఎక్కడైనా చూసి రావాలి,” అన్నారు విశ్వంభరరావు. చూడవలసిన చోట్ల జాబితా ఆయన దగ్గర అప్పటికే ఉంది. రోమ్, మాడ్రిడ్, లిస్బన్, పారిస్, బుకారెస్ట్. మూడు వారాలు.

మార్చి మధ్యలో సంచాలకులు తిరిగి వచ్చి నివేదిక సమర్పించారు. నూట నలభై పుటలు. నూట పన్నెండు పుటల్లో ఛాయాచిత్రాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఆయనవే, వెనక ఏదో ఒక ఫౌంటెన్.

“లాటిను అనే తల్లికి ‘దారే’ అనే క్రియ ఉండేది,” అని సమావేశంలో చదివి వినిపించారు. “అర్థం, ఇవ్వడం. ఇటాలియను కూతురు దాన్ని ‘దారే’గానే ఉంచుకుంది. స్పానిషు, పోర్చుగీసు కూతుళ్ళు ‘దార్’ అన్నారు. రుమేనియను ‘దా’ అని ఇంకా తగ్గించింది. ఫ్రెంచి మాత్రం తల్లి క్రియను వదిలేసి, ‘కానుక’ అన్న మాట నుంచి పుట్టిన ‘దొన్నే’ను తెచ్చుకుంది. దిగ్భ్రాంతికరమైన విషయం ఏమంటే, ఈ అయిదుగురిలో ఎవరి దగ్గరా పంపకం కాగితం లేదు! రిజిస్ట్రేషను లేదు! రెండు వేల ఏళ్ళుగా వాడేసుకుంటున్నారు!”

“మరి వాళ్ళకు ఇబ్బంది రాలేదా సార్?” అన్నాడు లింగమూర్తి.

“నేనూ అదే అడిగాను. ప్రశ్న వారికి అర్థం కాలేదు. ఆ స్థాయి అజాగ్రత్త.”

భ్రమరాంబ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “ఈ వివరమంతా మన బీరువాలో మూడో అరలో ఉన్న పుస్తకంలో ఉంది. నాలుగు వందల పదో పుట.”

“పుస్తకంలో ఉన్నది సమాచారం అమ్మా. వెళ్ళి చూసి వస్తే అది అధ్యయనం.” విశ్వంభరరావు చిరునవ్వు నవ్వారు. “ఆ ‘దారే’కూ సంస్కృతంలోని ‘దా’ ధాతువుకూ చుట్టరికం ఉందని అక్కడ ఒక ఆచార్యుడు అన్నాడు. అంటే మన ‘ఇచ్చు’ కూడా ఆ పెద్దింటి బిడ్డే కదా?”

“కాదు. ఆ రెండింటికీ చుట్టరికం నిజమే. ఇది ఆ కుటుంబం కాదు. దీని తోబుట్టువులు ఇక్కడే, ఈ గాలిలోనే ఉన్నారు.”

పెద్దింటి సంబంధం తప్పిపోయినందుకు గదిలో విచారం అలుముకుంది. దస్త్రం మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

ఏప్రిల్‌లో సోంబాయి మూడోసారి వచ్చింది. లింగమూర్తి ఆమెను చూడగానే వేరే గదిలోకి వెళ్ళాడు. భ్రమరాంబ తన బల్ల దగ్గరకు పిలిచి కుర్చీ చూపించింది.

“ఆరో నెల,” అన్నది సోంబాయి, కూర్చుంటూనే.

“తెలుసు. రాసి పెట్టుకున్నాను.”

“ఇంకెన్నడక్కా తేలేది? ఒక మాట ఎక్కడ పుట్టిందో ఇంతమంది సదువుకున్నోళ్ళకు తెల్వదా? మా ఊళ్ళ కోడిపెట్ట ఎవరిదో పోరగాండ్లను అడిగినా చెప్తరు.”

భ్రమరాంబ మనసులో అప్పుడే ఒక అర తెరుచుకున్నది. గోండి రూపం ఏమిటో ఆమెకు తెలుసు; నలభై ఏళ్ళ కిందటే పుస్తకంలో చదివింది. కానీ ఆ మాటను నోటితో అనే మనిషి ఆ కార్యాలయంలోకి మూడుసార్లు వచ్చి నిలబడినా, ఆమెను అడగాలని తనకూ తోచలేదు. దానికి సిగ్గుపడి, అప్పుడు అడిగింది.

“మీ మాటలో ఇవ్వడాన్ని ఏమంటారు?”

“సీయానా అంటం.”

“మొదట్లో ‘స’ ఉంది, విన్నారా?” భ్రమరాంబ దస్త్రం తన వైపు లాక్కుంది. “మేమంతా ఎప్పుడో ఆ చప్పుడు పోగొట్టుకున్నాం. తెలుగువాళ్ళం, తమిళులం, కన్నడిగులం, అందరం. మీరు పోగొట్టుకోలేదు. ఈ మాట పాత రూపానికి దగ్గరగా ఉన్నది మీ ఇంట్లో.”

“అయితే?”

“అయితే, ఈ కార్యాలయం నిబంధనల ప్రకారం దీనికి పెద్ద వారసులు మీరు. మీరు ఒప్పుకుంటే చాలు, ఇంకెవరి పత్రమూ అక్కర్లేదు.”

సోంబాయి ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. “ఉన్న అయిదెకరాలకే వారసులమని కాయితం లేదు మాకు. మాటకెట్ల ఉంటది?”

“భూమికి కాగితం అడిగేవాళ్ళు వేరు. వీళ్ళను నేనెరుగుదును. మీరు ఊరికి వెళ్ళండి. మళ్ళీ ఇక్కడికి రావద్దు. విచారణ మీ ఇంటి దగ్గరే జరగాలని వాళ్ళే రాసుకున్నారు. వాళ్ళే వస్తారు.”

భ్రమరాంబ ఒకటిన్నర పుటల వివరణ రాసి పైకి పంపింది. అందులో ఒక్క విశేషణం లేదు. విశ్వంభరరావు దాన్ని చదివి కుర్చీలోంచి లేచారు. వారసురాలు దొరికింది! ఆమె నిరక్షరాస్యురాలు కూడా, వేలిముద్ర చాలు. జూలై ఇరవయ్యో తేదీన రాజధానిలో క్రియాపద మహోత్సవం తలపెట్టి ఉన్నారు. ఆ వేదిక మీద ‘ఇచ్చు’కు స్థానికత పత్రాన్ని పెద్దల చేతుల మీదుగా బహూకరించవచ్చు.

“ఆమెను పిలిపించండి,” అన్నారు.

“తొమ్మిదో నిబంధన,” అన్నది భ్రమరాంబ. “స్థానిక విచారణ దరఖాస్తుదారు నివాసంలోనే, సంచాలకుల సమక్షంలో జరగాలి. మీరే రాశారు.”

తన వాక్యమే కావడం వల్ల ఆయన కాదనలేకపోయారు. బ్యానరు, శాలువా, ఛాయాగ్రాహకుడు, ఎండలు, ఆ మీద పెళ్ళిళ్ళు. విచారణ బృందం బయలుదేరేసరికి జూన్ నెలాఖరు అయింది. అప్పటికి నాలుగు పెద్ద వానలు పడ్డాయి.

వాగు రొమ్ము లోతున ఎర్రగా పారుతోంది. ఈ ఒడ్డున రెండు జీపులు, సంచాలకులు, లింగమూర్తి, భ్రమరాంబ, ‘క్రియా మాతృమూర్తికి సాదర వందనం’ అన్న బ్యానరు. అవతలి ఒడ్డున సోంబాయి, ఆమె వెనక సగం ఊరు. నిండు గర్భిణి అయిన కోడలు ఒక బండ మీద కూర్చుని ఉంది.

“అమ్మా సోంబాయి గారూ!” విశ్వంభరరావు చేతులు బూరలా పెట్టి అరిచారు. “మీ వేలిముద్ర కోసం వచ్చాం!”

“రాండ్రి సారూ!”

“ఎలా వస్తాం? వాగు నిండుగా ఉంది!”

“అదే కదా సారూ నేను చెప్పింది!”

ఊరంతా నవ్వింది. నీళ్ళ హోరు మీదుగా ఆ నవ్వు ఈ ఒడ్డుకు బాగానే చేరింది.

“మీరే ఇవతలికి రావచ్చు కదా! మనిషిని పంపి తాడు…”

“మా ఇంటికాడనే విచారణ కావాలని రాసుకున్నరంట! నేనొస్తే చెల్లుతదా?” సోంబాయి నడుం మీద చేతులు పెట్టుకుంది. “వేలిముద్ర విచారణల ఉన్నది సారూ! మళ్ళ రాండ్రి!”

విశ్వంభరరావు బూట్ల దాకా నీళ్ళు వచ్చాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, జూలై ఇరవైకి ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఇరవై రెండు.

“మార్గం లేదా అమ్మా?” అన్నారు భ్రమరాంబతో. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని ఆమెకు తెలియదు.

“ఇంజినీరింగు శాఖ ఆవరణలో ఇనుప వంతెన ఉంది.”

“దాన్ని ఈ ఊరికి ఇవ్వడానికి వీల్లేదు కదా! ఆ క్రియ…”

“ఈ ఊరికి ఎవరు ఇమ్మన్నారు? సంచాలకుల విచారణ సౌకర్యం కోసం ఈ కార్యాలయం ఆ వంతెనను తీసుకుంటుంది. ‘తీసుకొను’కు పత్రం ఉంది. పదకొండు శాఖల సాక్ష్యం ఉంది.”

విశ్వంభరరావు ఆమెను ఆప్యాయంగా చూశారు. భ్రమరాంబ జీపు బానెట్ మీదే కాగితం పరిచి రాసింది. ఎనిమిదేళ్ళు కదలని ఇనుము, సంచాలకులు దాటడానికని తెలిసేసరికి నాలుగు రోజుల్లో లారీలెక్కింది. మేకలను తోలేశారు. వాన తెరిపిచ్చిన వారంలో బోల్టులు బిగించారు. మొదలుపెట్టిన పదో రోజున వంతెన నిలిచింది. చివర ఒక పలక కూడా పెట్టారు: ‘ఇది విచారణ నిమిత్తం తీసుకొనబడినది. ఎవరికిని ఇవ్వబడలేదు.’

విశ్వంభరరావు మెడలో దండతో దాటారు. సోంబాయి ఇంటి అరుగు మీద సిరా డబ్బీ తెరిచారు.

“ఇది ఏస్తే మా మాట మాకుండదా అక్కా?” అని అడిగింది సోంబాయి, వేలు గాలిలోనే ఆపి.

“మాట్లాడుకోవడానికి మీకే ఉంటుంది. కాగితం మీద ప్రభుత్వానిది అవుతుంది.”

“కాయితం మీదిది వాళ్ళకే ఉండనీ,” అని వేలు ఒత్తింది.

మహోత్సవం ఘనంగా జరిగింది. ‘ఇచ్చు’ స్థానికత పత్రాన్ని వెండి పళ్ళెంలో వేదిక మీదికి తెచ్చారు. ఇంతటి ప్రాచీన క్రియను ఎవరు పడితే వారు వాడి అరగదీయకుండా కాపాడుకోవాలని వక్తలందరూ ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. పత్రాన్ని ఉక్కు బీరువాలో భద్రపరిచారు. వాడదలచిన శాఖ ముప్ఫై రోజుల ముందు కారణాలతో అనుమతి కోరాలి. ఇంతవరకూ ఎవరూ కోరలేదు.

ఆగస్టులో ఇంజినీరింగు శాఖ నుంచి లేఖ వచ్చింది: విచారణ ముగిసినది గనుక తమ వంతెనను తిరిగి ఇవ్వవలసినది. భ్రమరాంబ ఆ ఆఖరి మాట కింద గీత గీసి జవాబు రాసింది: ‘మీ లేఖలో అనుమతి లేని క్రియ గలదు. తిరిగి ఇచ్చుట ఈ కార్యాలయమునకు ప్రస్తుతము సాధ్యము కాదు. పరిశీలనలో ఉన్నది.’ రెండో లేఖకూ అదే జవాబు. మూడో లేఖ రాలేదు.

భాద్రపదంలో ఒక ఉదయం సోంబాయి చంకలో మనవరాలితో వచ్చింది. పిల్లకు నలభై రోజులు. ఆసుపత్రిలో పుట్టిందట, నొప్పులు మొదలైన రోజున వాగు నిండుగా ఉన్నా, అంబులెన్సు వంతెన మీదుగా ఇంటి ముందుకే వచ్చిందట.

“ఇంతకూ ఆ వంతెన మాకు ఇచ్చినట్టేనా అక్కా?”

“లేదు. ఎవరికీ ఇవ్వలేదు. ప్రభుత్వమే తీసుకుంది. తిరిగి ఇవ్వలేకపోతోంది.”

సోంబాయి పిల్లను భుజం మార్చుకుని, ఉక్కు బీరువా వైపు ఒకసారి చూసింది.

“తీసుకున్నది తిరిగి ఇయ్యకపోవుడు వాళ్ళకు కొత్తనా? మా తాత నాటి సంది చూస్తున్నం,” అన్నది. “మాకు పనికొచ్చుడే ఇది మొదలు.”